అన్నయ్య పాలసీ ఎందుకు మారలేదు? క్యాండిస్ గింగ్‌రిచ్ ఇంటి నుంచి చూస్తే

2025 నవంబర్ 10న అమెరికా సుప్రీంకోర్టు కిమ్ డేవిస్ పిటిషన్‌ని విచారణకి తీసుకోకుండానే పక్కన పెట్టేసింది. ఈవిడ కెంటకీలో ఒకప్పటి కౌంటీ క్లర్క్, 2015లో గే జంటలకి మ్యారేజ్ లైసెన్సులు ఇవ్వనని భీష్మించుకుని జైలుకి కూడా వెళ్ళొచ్చారు, ఈసారి ఏకంగా ఆ పెళ్ళిళ్ళని దేశమంతా చట్టబద్ధం చేసిన 2015 నాటి ఓబర్గఫెల్ తీర్పునే కొట్టేయమని అడిగారు. కోర్టు వినలేదు. అక్కడితో ఆ కేసు అయిపోయింది గానీ ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ అమెరికాలో ఉన్న మనవాళ్ళ మధ్య ఒక ప్రశ్న మాత్రం తిరిగి తిరిగి వస్తుంది: రిపబ్లికన్ పెద్దల ఇళ్ళల్లోనే గే కొడుకులు, లెస్బియన్ కూతుళ్ళు ఉన్నారు కదా, వాళ్ళలో కొందరు హక్కుల కోసం పోరాడుతున్నారు కూడా, మరి ఆ పార్టీలో ఇంత వ్యతిరేకత ఎలా మిగిలింది? కొంచెం కటువుగా అడిగేవాళ్ళూ ఉన్నారు, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, సొంత అన్ననే మార్చలేని మనిషి దేశాన్నేం మారుస్తారు అని.

ఆ కటువు ప్రశ్న అన్యాయమైందని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఒక ఇంటి కథ పూర్తిగా చూడాలి, 1990లలో ప్రతినిధుల సభ స్పీకర్‌గా చేసిన రిపబ్లికన్ నాయకుడు న్యూట్ గింగ్‌రిచ్, గే హక్కుల కోసం పనిచేసిన ఆయన తోబుట్టువు క్యాండిస్, వీళ్ళ ఇంటి కథ.

ముందు కొన్ని మాటలకి అర్థాలు

కన్జర్వేటివ్ అనే మాటని మనం ఒకటే ముద్దగా వాడతాం, అమెరికాలో అది కనీసం మూడు పాయలు. మతం, కుటుంబం, సంప్రదాయం కాపాడాలనే వాళ్ళు ఒక పాయ. ప్రభుత్వం చిన్నగా ఉండాలి, నా జేబులోకీ నా పడగ్గదిలోకీ తొంగి చూడకూడదు అనే వాళ్ళు రెండో పాయ. ఏ నిర్ణయమైనా వాషింగ్టన్ కాదు, రాష్ట్రాలే తీసుకోవాలనే వాళ్ళు మూడో పాయ. పన్నుల దగ్గర ముగ్గురూ చాలావరకు ఒక్కటే, గే హక్కుల దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వాళ్ళది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

కమింగ్ అవుట్ అంటే తన సంగతి తానే నోరు విప్పి చెప్పుకోవడం. అవుటింగ్ అంటే వేరేవాళ్ళు బయటపెట్టడం. అడ్వకేట్ అంటే ఇక్కడ లాయర్ కాదు, ఒక సమూహం హక్కుల కోసం బహిరంగంగా పనిచేసే మనిషి.

క్యాండిస్ ఎవరు, ఇందులోకి ఎలా వచ్చారు

న్యూట్ గింగ్‌రిచ్, క్యాండిస్ గింగ్‌రిచ్ ఒక తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. న్యూట్ పుట్టింది 1943లో, క్యాండిస్ 1966లో, అంటే ఇరవై మూడేళ్ళ తేడా. న్యూట్‌కి 1962లోనే పెళ్ళయిపోయింది, ఆయన పెద్ద కూతురే క్యాండిస్ కంటే పెద్దది. కాబట్టి అన్నయ్యతో కలిసి పెరిగినతనం అనేది ఇక్కడ లేదు, పండక్కి వచ్చి వెళ్ళే బాబాయి లాంటి అన్నయ్య అనుకుంటే దగ్గరగా ఉంటుంది.

ఇంట్లో సంగతి తెలిసింది 1987లో, తల్లి కంట్లో ఒక లెస్బియన్ న్యూస్‌లెటర్ పడటంతో. అప్పటికి న్యూట్ కాంగ్రెస్ సభ్యుడే అయినా ఈ విషయం ఇంటి నాలుగ్గోడల మధ్యే ఉండిపోయింది. 1994 నవంబర్‌లో నలభై ఏళ్ళ తర్వాత ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతికొచ్చింది, న్యూట్ స్పీకర్ కాబోతున్నారు, ఆయన బంధువులెవరు, ఎక్కడుంటారు అని విలేకరులు తవ్వడం మొదలుపెట్టారు. పెన్సిల్వేనియాలో యూపీఎస్‌లో పార్సిళ్ళు సర్దే పార్ట్ టైమ్ పని చేసుకుంటున్న క్యాండిస్‌ని ఒక రిపోర్టర్ అడిగితే అవునని చెప్పేశారు, దాచలేదు. అంతే, దేశమంతా వార్త.

తను ఉద్యమం వెతుక్కుంటూ వెళ్ళిన మనిషి కాదు, ఉద్యమమే వెతుక్కుంటూ వచ్చింది. 1995లో గే హక్కుల కోసం పనిచేసే హ్యూమన్ రైట్స్ క్యాంపెయిన్ అనే సంస్థ, కమింగ్ అవుట్ మీద జనంతో మాట్లాడే బాధ్యత క్యాండిస్‌కి ఇచ్చింది, తర్వాత చాలా ఏళ్ళు తను అక్కడే పనిచేశారు. ఇంటిపేరు చూసి పిలిచారు అని అప్పట్లో కొందరు తక్కువ చేసి మాట్లాడారు. ఇంటిపేరు వల్లే మైకు దొరికిందన్నది నిజమే. కానీ ఆ మైకు ముందు నిలబడటానికి ఏం కావాలో ఆలోచించండి, ప్రతి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న మీ అన్నయ్య గురించే, ఏం జవాబు చెప్పినా సాయంత్రానికి అది తల్లి చెవిలో పడుతుంది.

ఆ చట్టంలో అసలేముంది: డోమా

1996 జనవరిలో ఒక పాపులర్ టీవీ సిరీస్‌లో ఇద్దరమ్మాయిల పెళ్ళి జరిపించే పాత్రలో క్యాండిస్ కనిపించారు. అదే ఏడాది జులై 12న, న్యూట్ స్పీకర్‌గా ఉన్న సభలో డిఫెన్స్ ఆఫ్ మ్యారేజ్ యాక్ట్, పొట్టిగా డోమా, 342–67తో పాసైంది. సెప్టెంబర్ 10న సెనేట్‌లో 85–14. సంతకం పెట్టింది డెమొక్రాట్ ప్రెసిడెంట్ బిల్ క్లింటన్. రిపబ్లికన్లే చేశారు అనుకునేవాళ్ళు ఒకసారి ఆ అంకెలు చూడాలి, సభలో అవునని ఓటేసిన వాళ్ళలో 118 మంది డెమొక్రాట్లు. వద్దని ఓటేసిన ఒకే ఒక్క రిపబ్లికన్ స్టీవ్ గండర్సన్, ఆయన స్వయంగా గే. సెనేట్ డోమాని పాస్ చేసిన రోజే, గే అని ఉద్యోగంలోంచి తీసేయకూడదనే ఇంకో బిల్లు అదే సెనేట్‌లో 49–50తో, ఒక్క ఓటుతో ఓడిపోయింది.

డోమాలో ముఖ్యమైనవి రెండు ముక్కలు. ఒక రాష్ట్రం చేసిన సేమ్ సెక్స్ పెళ్ళిని ఇంకో రాష్ట్రం గుర్తించనక్కర్లేదు అనేది ఒకటి. ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో పెళ్ళంటే ఒక మగ ఒక ఆడ మాత్రమే అనేది రెండోది. ఈ రెండోదే అసలు దెబ్బ, ఎందుకంటే పెళ్ళైందా లేదా అన్నదాని మీద ఆధారపడే ఫెడరల్ చట్టాలు 1,049 ఉన్నాయని 1997లో ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క తేల్చింది. పన్నులు, పెన్షన్లు, వీసాలు అన్నీ అందులోవే.

మనకి అర్థమయ్యే ఉదాహరణ తీసుకుందాం, ఊహించిందే. విజయవాడ అమ్మాయి హెచ్1బీ మీద న్యూయార్క్‌లో పనిచేస్తోంది, వరంగల్ అమ్మాయి చదువైపోయి స్టూడెంట్ వీసా గడువు దాటే దశలో ఉంది. 2012లో ఇద్దరూ సిటీ ఆఫీసుకెళ్ళి పెళ్ళి చేసుకున్నారు, న్యూయార్క్‌లో అప్పటికే అది చట్టబద్ధం, చేతిలో సర్టిఫికెట్ ఉంది. పక్క ఫ్లాట్‌లో అబ్బాయి ఊరెళ్ళి పెళ్ళి చేసుకొచ్చి భార్యకి హెచ్4 తీసుకున్నాడు, ఎవరూ ఏమీ అడగలేదు. ఈ ఇద్దరమ్మాయిలకి మాత్రం హెచ్4 లేదు, ఎందుకంటే వీసా ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, దాని పుస్తకంలో వీళ్ళకి పెళ్ళే కాలేదు. రాష్ట్రానికి భార్యలు, దేశానికి రూమ్మేట్లు. 2013 జూన్ 26న ఈడిత్ విండ్సర్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో ఆ రెండో ముక్కని కొట్టేసింది, ఆ తర్వాతే హెచ్4 గానీ గ్రీన్ కార్డు గానీ వీళ్ళకి దారి దొరికింది. విండ్సర్ గారి సొంత బాధ ఏంటంటే, చనిపోయిన తన జీవిత భాగస్వామి ఆస్తి తనకి వస్తే 3,63,053 డాలర్ల ఎస్టేట్ ట్యాక్స్ కట్టమన్నారు, అదే మగాణ్ణి చేసుకుని ఉంటే సున్నా.

అన్నయ్య వైపు లెక్క ఏంటి

న్యూట్‌కి తోబుట్టువు మీద ద్వేషం ఉందని చెప్పడానికి ఆధారమేమీ లేదు. 1994లోనే ఆయన వైఖరి ఏంటంటే, సహించాలి, ప్రోత్సహించకూడదు, ఖండించనూ కూడదు. వినడానికి మెత్తగానే ఉంది, కానీ అదే సందర్భంలో ఆయన దీన్ని తాగుడు అలవాటుతో పోల్చారు. సహించడం అంటే ఏంటో ఆ పోలిక చెప్పేస్తుంది, నువ్వు తప్పులో ఉన్నావు, నేను ఓర్చుకుంటున్నాను అని.

ఆయన్ని గెలిపించే ఊళ్ళు కూడా చూడాలి. అట్లాంటా శివార్లలోని కాబ్ కౌంటీ ఆయన నియోజకవర్గంలోదే. 1993లో ఆ కౌంటీ కమిషన్, గే జీవన విధానం మా విలువలకి సరిపడదు అని తీర్మానమే చేసింది, దాని మీద నిరసనలు లేచి 1996 ఒలింపిక్స్ వాలీబాల్ పోటీలు అక్కణ్ణించి తరలిపోయాయి. అలాంటి చోట ఓట్లడిగే నాయకుడికి ఇంట్లో తోబుట్టువు ఒక్కరు, బయట చర్చికెళ్ళే ఓటర్లు లక్షల్లో.

అయితే ఓట్ల లెక్క ఒక్కటే అని తేల్చేస్తే కన్జర్వేటివ్ వాదనకి అన్యాయం చేసినట్టే. వాళ్ళలో నిజాయితీగా నమ్మేవాళ్ళు చెప్పేది ఇది: చుట్టరికం చూసి చట్టం రాయకూడదు, నా బిడ్డ మీద నాకెంత ప్రేమ ఉన్నా పెళ్ళి అనే వ్యవస్థ నా ఒక్క ఇంటిది కాదు, తరతరాల సమాజానిది, పిల్లల పెంపకంతో ముడిపడింది, దాని నిర్వచనం మార్చే హక్కు నా ప్రేమకి లేదు. మతస్వేచ్ఛ వాదన ఇంకొకటి, నా విశ్వాసానికి విరుద్ధమైన పని నాతో బలవంతంగా చేయించొద్దు అని, గే పెళ్ళికి కేకు చేయనన్న తయారీదారు కేసు 2018లో, అలాంటి పెళ్ళిళ్ళకి వెబ్‌సైట్ చేయనన్న డిజైనర్ కేసు 2023లో సుప్రీంకోర్టులో గెలిచింది వాళ్ళే. దీనికి ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) వైపు జవాబు: పెళ్ళి సమాజానిదే అయితే మేమూ ఆ సమాజంలోనే ఉన్నాం, మా ఇళ్ళల్లోనూ పిల్లలు పెరుగుతున్నారు, పైగా మా పెళ్ళి వల్ల మీ పెళ్ళికి తగ్గేదేంటి? న్యూట్ విషయంలో ఇంకో మాట కూడా అనేవాళ్ళు, మూడు పెళ్ళిళ్ళు చేసుకున్న మనిషి పెళ్ళి పవిత్రత గురించి మాట్లాడటమేంటని. ఆ దెప్పుడు వల్ల వాదన తేలదు గానీ, ఎందుకు మండేదో అర్థమవుతుంది.

చేనీ ఇంట్లో ఇంకో రకం

జార్జ్ బుష్ దగ్గర వైస్ ప్రెసిడెంట్‌గా చేసిన డిక్ చేనీ కథ న్యూట్ కథకి పక్కన పెట్టి చూడాల్సింది. ఆయన చిన్న కూతురు మేరీ లెస్బియన్, కూర్స్ బీర్ కంపెనీ తరఫున గే సమూహంతో సంబంధాలు చూసే ఉద్యోగం చేసి, తర్వాత 2000లో, 2004లో తండ్రి ప్రచారంలోనే పనిచేశారు. 2004 ఫిబ్రవరిలో ప్రెసిడెంట్ బుష్, పెళ్ళి నిర్వచనాన్ని ఏకంగా రాజ్యాంగంలోనే రాసేయాలని పిలుపునిచ్చారు. ఆగస్టులో అయోవాలో డావెన్‌పోర్ట్ సభలో ఎవరో అడిగితే చేనీ, మాకూ ఒక గే కూతురుంది, స్వేచ్ఛ అంటే అందరికీ స్వేచ్ఛే, ఇది రాష్ట్రాలకి వదిలేయాలన్నది నా మాట, కానీ ప్రభుత్వ విధానం నిర్ణయించేది ప్రెసిడెంట్ అన్నారు. పైన చెప్పిన రెండో పాయా మూడో పాయా ఒకే జవాబులో ఉన్నాయి చూడండి. మొదటి పాయ వాళ్ళకి అది నచ్చలేదు.

అటు హక్కుల ఉద్యమం వాళ్ళకి మేరీ నచ్చలేదు, మన పెళ్ళిళ్ళకి రాజ్యాంగంలోనే అడ్డుగోడ కట్టాలనే బుష్, చేనీ జోడీ కోసం పనిచేస్తూ మౌనంగా ఉంటావా అని బహిరంగంగానే నిలదీశారు. తండ్రి కోసం పనిచేసే కూతురా, తన సమూహం కోసం నిలబడాల్సిన మనిషా? అక్టోబర్ 13 డిబేట్‌లో డెమొక్రాట్ ప్రెసిడెంట్ అభ్యర్థి జాన్ కెర్రీ మేరీ ప్రస్తావన తేగానే తల్లి లిన్ చేనీ మండిపడ్డారు, రాజకీయం కోసం మా పిల్లని వాడుకుంటారా అని. కెర్రీ మాట అవమానకరం కాదు, మేరీ సంగతి రహస్యమూ కాదు, అయినా ఇంకొకరి బిడ్డ సంగతి స్టేజి మీద వాడుకోవడం ఎక్కడో గుచ్చుకుంటుంది.

2013లో ఇదే ఇల్లు బహిరంగంగా చీలింది. పెద్ద కూతురు లిజ్ వయోమింగ్ నుంచి సెనేట్‌కి పోటీ చేస్తూ టీవీలో, సేమ్ సెక్స్ పెళ్ళి విషయంలో నా చెల్లెలితో నేను ఏకీభవించను అన్నారు. మేరీ అప్పటికి ఏడాది ముందే వాషింగ్టన్‌లో పెళ్ళి చేసుకున్నారు. ఫేస్‌బుక్‌లో రాశారు, లిజ్, ఇది అభిప్రాయభేదం కాదు, నువ్వు తప్పు అని. తండ్రి డిక్ చేనీ స్వేచ్ఛ వాదన తొమ్మిదేళ్ళు గడిచినా సొంత పెద్ద కూతురి ప్రచారంలోకే రాలేదు. 2021 సెప్టెంబర్‌లో లిజ్ టీవీలోనే నేనే తప్పు అని ఒప్పుకున్నారు, 2022 జులైలో ఈ పెళ్ళిళ్ళకి ఫెడరల్ రక్షణ ఇచ్చే బిల్లుకి ఓటేసిన 47 మంది రిపబ్లికన్లలో ఆవిడ ఒకరు.

తన దాకా వస్తే గానీ

తర్వాత ఒహాయో సెనేటర్ అయిన రిపబ్లికన్ రాబ్ పోర్ట్‌మన్ 1996లో ప్రతినిధుల సభలో ఉండి డోమాకి ఓటేశారు. 2011లో కొడుకు విల్ వచ్చి నేను గే అని చెప్పాడు. రెండేళ్ళు ఆలోచించి 2013 మార్చిలో ఈ పెళ్ళిళ్ళకి మద్దతు ప్రకటించారు, 2022 బిల్లు సెనేట్‌లో గట్టెక్కడానికి పనిచేసిన వాళ్ళలో ఆయనా ఉన్నారు. దీని మీద రెండు రకాల స్పందన వచ్చింది. కొడుకు కాబట్టి మారాడు, వేరేవాళ్ళ కొడుకుల కోసం ఎందుకు మారలేదు అని ఒకటి. మనిషి మారేదే అలా, ఎలా మారితేనేం అని ఇంకొకటి. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. తన దాకా వస్తే గానీ తెలియదు అనే మాట మనం నిందగా వాడతాం, అందులో మనిషి గురించిన వర్ణన కూడా ఉంది.

పూర్తిగా రెండో కొసన రిపబ్లికన్ నాయకుడు అలన్ కీస్ ఉన్నారు. 2004లో ఈయన మేరీ చేనీని స్వార్థపు సుఖలాలస మనిషి అన్నట్టు మాట్లాడారు. 2005 ఫిబ్రవరిలో ఆయన సొంత కూతురు మాయా ఒక హక్కుల ర్యాలీలో నిలబడి నేను లెస్బియన్‌ని అని చెప్పారు, ఇంటి నుంచి ఆసరా తెగిపోయిందని కూడా చెప్పారు. ఆయన మారలేదు. రక్తసంబంధం మనుషుల్ని మారుస్తుంది అనేది నియమం అయ్యుంటే ఇక్కడ పనిచేసి ఉండాలి.

మరి ఇంటి మనిషి వల్ల ఏం మారింది

పరిచయం వల్ల పక్షపాతం తగ్గుతుంది అనే సూత్రాన్ని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మానసిక శాస్త్రవేత్త 1954లోనే ప్రతిపాదించారు, కానీ ఊరికే పరిచయం చాలదు, సమాన హోదా ఉండాలి, పెద్దల మద్దతు ఉండాలి అని షరతులు పెట్టారు. 1988 నుంచి అక్టోబర్ 11న జరిగే నేషనల్ కమింగ్ అవుట్ డే వెనకున్న ఆలోచనా ఇలాంటిదే, కనబడని మనిషిని ద్వేషించడం తేలిక, ఎదురింటి మనిషిని ద్వేషించడం కష్టం. క్యాండిస్ ఊరూరా తిరిగి చెప్పిందీ అదే, మీ ఇంట్లో వాళ్ళకి చెప్పండి అని. న్యూట్‌ని మార్చడం ఆ పనిలో లక్ష్యమే కాదు, న్యూట్‌కి ఓటేసే ఇళ్ళే లక్ష్యం.

ఆ ఇళ్ళు మారాయి. గాలప్ సర్వేలో ఈ పెళ్ళిళ్ళకి మద్దతు 1996లో 27 శాతం, 2023లో 71 శాతం. పార్టీ లెక్క మాత్రం వేరే దారిలో నడిచింది, రిపబ్లికన్లలో 2022 నాటికి 55 శాతం దాకా వెళ్ళిన మద్దతు 2025లో 41కి పడిపోయింది. ఆ మూడేళ్ళలో వాళ్ళ ఇళ్ళల్లో గే పిల్లలు తగ్గిపోలేదు కదా. పార్టీలో పెద్దలు ఏం మాట్లాడుతున్నారో, ఇప్పుడు ట్రాన్స్‌జెండర్ వివాదాల వేడి మొత్తం ఎల్‌జీబీటీ అనే మాటకి ఎలా అంటుకుందో, వాటి ప్రభావం ఇదని నేననుకుంటాను. ఆల్‌పోర్ట్ చెప్పిన పెద్దల మద్దతు అనే షరతు ఇక్కడే గుర్తొస్తుంది.

ఇంటి దారి కాకుండా సిద్ధాంతం దారిలో వచ్చిన కన్జర్వేటివ్‌లూ ఉన్నారు. ఈ పెళ్ళిళ్ళని కాలిఫోర్నియా నిషేధిస్తే దానికి వ్యతిరేకంగా కేసు వాదించిన టెడ్ ఓల్సన్, బుష్ ప్రభుత్వంలో సొలిసిటర్ జనరల్‌గా చేసిన మనిషి. ఎల్‌జీబీటీ అని ఉద్యోగంలోంచి తీసేయడం చెల్లదని 2020లో 6–3 తీర్పు రాసిన జడ్జి నీల్ గోర్సచ్, ట్రంప్ నియమించినాయన. ఇలాంటి వాళ్ళు మారాలంటే ఇంట్లో కొడుకో కూతురో చెప్పాల్సిన పని లేకపోయింది.

మన దగ్గర ఈ ముడి

ఇండియాలో కూడా మాటకీ చట్టానికీ మధ్య ఇదే దూరం కనిపిస్తుంది. 2023 జనవరిలో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్, జరాసంధుడి సేనానులు హంసుడు, డింభకుల కథని మగజంట కథగా ఎత్తి, ఇలాంటి వాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, వాళ్ళకీ సమాజంలో చోటుండాలి అన్నారు. రెండు నెలలకే సేమ్ సెక్స్ పెళ్ళి గుర్తింపు కేసులో కేంద్రం సుప్రీంకోర్టులో అఫిడవిట్ వేసింది, భర్త, భార్య, పిల్లలు అనే భారతీయ కుటుంబ భావనకి ఇది సరిపోదు అని. కోర్టు విచారణ సమయంలో జవాబిచ్చిన ఏడు రాష్ట్రాల్లో సూటిగా వ్యతిరేకించినవి మూడు, రాజస్థాన్, అస్సాం, ఇంకోటి మన ఆంధ్రప్రదేశ్. రాజస్థాన్‌లో అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వం, కాబట్టి ఇదంతా ఒక్క పార్టీ ఖాతాలో రాసేయడానికి లేదు. అక్టోబర్ 17న ఐదుగురు జడ్జిలూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదనే చెప్పారు, సివిల్ యూనియన్, అంటే పెళ్ళి అనకుండా జంటకిచ్చే చట్టపరమైన గుర్తింపు, విషయంలో మాత్రం 3–2గా చీలారు. పైన చెప్పిన విజయవాడ, వరంగల్ అమ్మాయిలు ఇవాళ శంషాబాద్‌లో దిగితే, న్యూయార్క్‌లో ఉన్న వాళ్ళ పెళ్ళి ఇక్కడ కాగితం మీద లేదు.

ఆ తర్వాత ఆ ఇద్దరి మధ్య

2008 నవంబర్‌లో కాలిఫోర్నియా ఓటర్లు ఈ పెళ్ళిళ్ళని నిషేధించారు, దాని మీద నిరసనలు జరిగితే న్యూట్ టీవీలో గే ఫాసిజం అనే మాట వాడారు. క్యాండిస్ అన్నయ్యకి బహిరంగ లేఖ రాశారు, కొత్త తరం నీ రకం రాజకీయాన్ని దాటేసింది అని. 2009లో క్యాండిస్ మసాచుసెట్స్‌లో తన జీవిత భాగస్వామిని పెళ్ళి చేసుకున్నారు. 2010లో అయోవాలో ఈ పెళ్ళిళ్ళకి అనుకూలంగా తీర్పిచ్చిన ముగ్గురు జడ్జిలని ఓటుతో ఇంటికి పంపిన ప్రచారానికి డబ్బు సమకూర్చడంలో న్యూట్ సాయం చేశారు. 2012లో ఆయన ప్రెసిడెంట్ పదవికి పోటీపడితే క్యాండిస్ ఒబామా వైపు నిలబడ్డారు.

ఆ ఏడాది డిసెంబర్‌లో, ఓడిపోయాక, న్యూట్ ఒక ఇంటర్వ్యూలో పెళ్ళంటే ఆడా మగా అనే నా నమ్మకం మారలేదు, కానీ ఇది ప్రతి ఇంట్లో ఉంది, ప్రతి ఊళ్ళో ఉంది, పార్టీ వాస్తవాన్ని ఎదుర్కోవాలి అన్నారు, డోమా చేసిన రోజుల్లో ఇంత మార్పు వస్తుందనుకోలేదని కూడా ఒప్పుకున్నారు. క్యాండిస్ పెళ్ళికి అప్పటికి మూడేళ్ళు. మసాచుసెట్స్ పుస్తకాల్లో ఆ పెళ్ళి ఉంది, అన్నయ్య సభ పాస్ చేసిన చట్టం వల్ల ఫెడరల్ పుస్తకాల్లో లేదు, అక్కడ అది ఎక్కడానికి 2013 జూన్ 26 దాకా ఆగాల్సి వచ్చింది.